పింగాణీ బొమ్మ వయసు కనిపెట్టడం: కొలువు పెట్టె తెరిచిన దగ్గర్నుంచి అడుగు ముద్ర దాకా

బరంపురంలో పాత తెలుగిళ్ళల్లో సంక్రాంతికి కొలువు పెట్టె దింపితే కొండపల్లి బొమ్మల పక్కన నాలుగైదు పింగాణీ బొమ్మలు కూడా బయటికొస్తాయి. గౌను వేసుకున్న దొరసాని, కుక్కపిల్లతో పిల్లాడు, ఆవునానుకుని వేణువూదే కృష్ణుడు. ఎక్కడివని అడిగితే ఇంటింటా ఒకటే జవాబు: "రంగం నుంచి వచ్చాయి." గంజాం, విశాఖ జిల్లాల నుంచి వేలాదిమంది రంగం, అంటే రంగూను, వెళ్ళి పనిచేసి వచ్చిన మాట నిజం. మన గోపాలపూర్ నుంచే ఓడెక్కిన వాళ్ళూ ఉన్నారు. అలాగని ఇంట్లో ఉన్న ప్రతి బొమ్మా రంగం ఓడ దిగిందని కాదు.

మా అమ్మమ్మ పెట్టెలో ఫిడేలు వాయించే కుర్రాడొకడున్నాడు. బెత్తెడు ఎత్తు, చెట్టు మొద్దు మీద కూర్చుని ఉంటాడు. "జపానోళ్ళు బాంబులేసినప్పుడు మీ తాత అన్నీ వదిలేసి వీణ్ణి మాత్రం చంకలో పెట్టుకొచ్చారే" అనేది అమ్మమ్మ. రంగూను మీద మొదటి బాంబులు పడ్డది 1941 డిసెంబరు 23న. తాతయ్య ఆ తర్వాత రెండు నెలల్లో ఇల్లు చేరాడు. ఇంతవరకూ కథలో వంక పెట్టడానికేమీ లేదు. ఆ కుర్రాణ్ణి తిరగేసి చూడాలని నాకు నలభయ్యేళ్ళు వచ్చేదాకా తోచలేదు. చూశాక ఏమైందో మెల్లగా చెబుతాను, ఎందుకంటే అందరూ చేసే పొరపాటు మొట్టమొదట అడుగు ముద్ర చూడటమే. ముద్ర చదివేశాక కళ్ళు ఇంక పనిచెయ్యవు. బొమ్మని పూర్తిగా చూసి, మీ అంచనా కాగితం మీద రాసుకుని, ముద్రని ఆఖర్న చదవండి.

ముందు చెయ్యకూడని పని

కడగకండి. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారి కొలువుకి సాయం చేద్దామని ఒక దొరసానిని సబ్బు నీళ్ళలో ముంచాను. బుగ్గల మీది గులాబీ రంగు, టోపీ మీది పువ్వు రెండూ నా చేతిలోనే కరిగిపోయాయి. అత్తగారు ఒక్క మాట అనలేదు. ఆ ఏడాది ఆ బొమ్మ వెనక వరసలో గోడ వైపు తిరిగి కూర్చుంది, అంతే.

కరగడానికి కారణం ఉంది. అసలైన రంగు మెరుగు (బొమ్మ మీది గాజు పూత) మీద వేశాక బొమ్మని మళ్ళీ బట్టీలో పెడతారు. దాదాపు 750 నుంచి 850 డిగ్రీల వేడికి రంగు గాజులా కరిగి మెరుగుకి అతుక్కుపోతుంది. చవక బొమ్మలకి ఈ రెండో బట్టీ ఖర్చు ఎందుకని మామూలు రంగు పూసి ఆరబెట్టేసేవారు. అలాంటివాటిని పచ్చి రంగు బొమ్మలు అనుకుందాం. వాటికి నీళ్ళంటే పడదు. మీ బొమ్మ ఏ రకమో తెలిసేదాకా మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులపండి, చాలు.

సామాను పెద్దగా అక్కర్లేదు. పది రెట్లు చూపించే జేబు భూతద్దం, ఫోను టార్చి, కొట్లలో నోట్లు పరీక్షించే చిన్న నీలం లైటు, దర్జీ టేపు, ఒక నోటుబుక్కు. బల్ల మీద మడత పెట్టిన తువ్వాలు పరుచుకోండి. బొమ్మని ఎప్పుడూ పీఠం దగ్గర పట్టుకోవాలి. తల, చేతులు, బుట్టలు, గొడుగులు పాత అతుకులు ఉండే చోట్లు.

ఒంటి మట్టి ఏ రకం

మా బడా బజార్‌లో పాత సామాను అమ్మేవాళ్ళకి అన్నీ 'చినామాటి'యే. ఒడియాలో పింగాణీకి అదే మాట, వాళ్ళ తప్పేం లేదు. మీరు మాత్రం నాలుగు రకాలు విడదీసుకోవాలి.

చీకటి గదిలో టార్చిని బొమ్మలోని పలచని చోటుకి, గౌను అంచుకో చేతికో, ఆనించి వెలిగించండి. వెలుగు బొత్తిగా దూరకపోతే అది మట్టి సామాను. వెయ్యి డిగ్రీలకి కాస్త అటూ ఇటూ కాల్చింది, లోపల గుల్లగా ఉంటుంది. పెచ్చు లేచిన చోట తడి వేలు పెడితే చెమ్మని చప్పున పీల్చేస్తుంది. (పాతవాళ్ళు నాలుకతో చూసేవారు. పాత రంగుల్లో సీసం ఉంటుంది, వేలితోనే చూడండి.) వెలుగు దూరితే పింగాణీ. దూరిన వెలుగు చల్లగా, కాస్త బూడిద నీలంగా ఉంటే గట్టి పింగాణీ, అంటే జర్మనీ, జపాను, చైనా వైపు పని. తెల్లమట్టి, ఫెల్డ్‌స్పార్ కలిపి 1300 డిగ్రీల పైన కాల్చింది. వెన్నలా వెచ్చగా ఉంటే బోన్ చైనా కావచ్చు. అందులో నిజంగానే పశువుల ఎముకల బూడిద కలుస్తుంది. ఇంగ్లండులో స్పోడ్ వాళ్ళు 1790ల నుంచి కుదురుకున్న పాళ్ళలో చేసుకొచ్చారు. మా ఇంట్లో ఈ సంగతి తెలిసిన రోజు ఒక కప్పుల జత పూజగది పక్క అలమరాలోంచి హాల్లోకి మారింది.

నాలుగో రకం మెరుగు లేని పింగాణీ, బిస్క్ అంటారు. చర్మంలా గరుకుగా, మెత్తగా కనిపిస్తుంది. మొహాలకి ఇది బాగా నప్పుతుంది.

వీటిలో దేనికీ చెందని మోసగాళ్ళు ఇద్దరున్నారు. ప్లాస్టర్ బొమ్మని గోరుతో గీకితే సుద్దపొడి రాలుతుంది. రెజిన్ బొమ్మ అరచేతిలో పెట్టుకోగానే వెచ్చబడుతుంది. పింగాణీ చాలాసేపు చల్లగానే ఉంటుంది. గోరుతో తట్టినా తెలుస్తుంది: పింగాణీ ఖంగుమంటుంది, రెజిన్ టపటపమంటుంది. పింగాణీ కూడా బద్దగా పలికితే ఎక్కడో బీట ఉందన్నమాట.

అచ్చు, అతుకు, చిల్లు

ఇప్పుడు తిరగెయ్యండి, కానీ అక్షరాలు చదవకండి. చిల్లు చూడండి. బోలు బొమ్మకి గాలి పోయే చిల్లు లేకపోతే బట్టీలో పగిలిపోతుంది. ఆ చిల్లు కొలత చాలా చెబుతుంది. పాత పద్ధతిలో మట్టి ముద్దని రెండు మూడు అచ్చు పలకల్లోకి వేళ్ళతో నొక్కి, ఆ పలకలు కలిపి అతికేవారు. గోడలు మందంగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. టార్చి వేసి చిల్లులోకి చూస్తే ఒక్కోసారి వేలి నొక్కులు కూడా కనిపిస్తాయి. చిల్లు చిన్నది, పెసరగింజంత. కొత్తదైన పోత పద్ధతిలో పలచని మట్టి పాలని అచ్చులో పోసి, గోడ కట్టాక మిగిలింది వంచేస్తారు. ఇందులో గోడలు పలచన, సమంగా ఉంటాయి, బయట ముక్కు ఉబ్బితే లోపల అక్కడే గుంట ఉంటుంది. పాలు వంచడానికి వీలుగా చిల్లు పెద్దది.

ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్‌లో 1840 నుంచి 1900 దాకా గంపలకొద్దీ వచ్చిన గోడవారగా పెట్టే బొమ్మలు, జంట కుక్కలు నొక్కుడు పద్ధతివే. వీపు చదునుగా, రంగు లేకుండా ఉంటుంది, గోడ వైపు ఎవరు చూస్తారని. వాటికి నకళ్ళు ఇప్పటికీ వస్తున్నాయి, దాదాపు అన్నీ పోతవే. కాబట్టి స్టాఫర్డ్‌షైర్ కుక్క అని ఎవరైనా ధర చెబితే ముందు దాని అడుగు చిల్లు చూడండి. రూపాయి బిళ్ళంత ఉంటే దండం పెట్టి లేచిరండి.

పీఠం అంచు అరుగుదలని భూతద్దంతో చూడాలి. నిజమైన అరుగుదల బల్లకి తాకే మిట్టల మీదే ఉంటుంది, గీతలు అన్ని దిక్కులకీ అడ్డదిడ్డంగా పోతాయి, ప్రతి గీతలో నల్లటి మట్టి. నకలు వాడు ఉప్పు కాగితం మీద రుద్దుతాడు, గీతలన్నీ ఒకే వైపు పోతాయి. టీ డికాషన్‌లో నానబెట్టి పాత రంగు తెప్పించేవాళ్ళూ ఉన్నారు. అప్పుడు మెరుగు మీది వెంట్రుక పగుళ్ళన్నీ ఒకే గోధుమరంగులో, బొమ్మంతా సమంగా ఉంటాయి. కాలం వల్ల పట్టిన మరక ఒకచోట ముదురు, ఒకచోట లేత.

కుంచె పని

'చేత్తో రంగు వేసింది' అనే మాట మీద బోలెడు బేరం నడుస్తుంది. భూతద్దం పెడితే మాట నిలబడుతుందో లేదో నిమిషంలో తేలుతుంది. కుంచె గీత మొదట్లో లావుగా, చివర సన్నగా ఉంటుంది. రంగు మొదట్లో కుప్పపడి, పోనుపోను పలచబడుతుంది. కనుబొమలు చూడండి: కుడిదీ ఎడమదీ ఎప్పుడూ అచ్చు గుద్దినట్టు ఒకటిగా ఉండవు. పువ్వులో రేకలు కుంచెని ఒక్కసారి అద్ది లాగినవైతే రేక అంచున రంగు గట్టు కట్టి ఉంటుంది. కళ్ళు మూసుకుని వేలితో తడిమితే ఆ గట్టు తగులుతుంది. అదే చిన్న చిన్న చుక్కల వరసలుగా, పేపర్లో అచ్చయిన ఫొటోలా కనిపిస్తే అది కాగితం మీంచి దించిన డెకాల్. చాలా బొమ్మల్లో గీతలు డెకాల్‌వి, మధ్యలో రంగు నింపింది మాత్రమే చెయ్యి. అంచు లేకుండా పొగలా పరుచుకునే రంగు గాలిపిచికారీది, అది ఇరవయ్యో శతాబ్దపు పని.

మా ఫిడేలు కుర్రాడి దగ్గర చాలాసేపు కూర్చున్నాను. జుట్టుకి గోధుమరంగు ఒక్క పూత, గీతలు లేవు. కళ్ళు రెండు నల్లచుక్కలు, కనుబొమ ఒక్కో విసురు. పెదవి ఎర్ర చుక్క, కానీ నోటి గాడిలో పడలేదు, వెంట్రుకవాసి కిందికి జారింది. వేసిన మనిషి ఆ పూట వందో రెండొందలో పెదవులు పెట్టి ఉంటుంది. ఫిడేలు కమాను మీద బంగారపు గీత మొదలుపెట్టి సగంలో ఆపేశారు. ఇది చేతి పనే, తొందర చేతి పని. జర్మనీలో పేరుమోసిన మైసెన్ కార్ఖానాలో జాగ్రత్తగా వేసిన మొహంలో కనురెప్ప వెంట్రుకలు కూడా విడివిడిగా ఉంటాయి. రెండింటినీ చేతి రంగు అనే అంటారు.

బంగారం సంగతి వేరేగా చెప్పాలి. పాత మేలి బంగారం తేనెరంగులో, కాస్త మసకగా ఉంటుంది, చెయ్యి తగిలే చోట్ల మెల్లగా అరుగుతుంది. 'బ్రైట్ గోల్డ్' అనే ద్రవ బంగారం అద్దంలా తళతళమంటుంది. స్టాఫర్డ్‌షైర్ బొమ్మల మీద ఇది 1880ల నుంచి మేలి బంగారాన్ని తోసేసింది. కాబట్టి 1850 నాటిదని చెప్పే కుక్క మెళ్ళో గొలుసు తళతళలాడుతుంటే కథ అతకలేదన్నమాట.

వేషం చూసి ఏమారకండి

దొరసాని గంపలాంటి గౌను వేసుకుంది కదా అని 1850 నాటిదనుకోవద్దు. అలాంటి పాతకాలపు వేషాలు 1930ల్లో మళ్ళీ ఫ్యాషనయ్యాయి, రాయల్ డౌల్టన్ అనే ఇంగ్లండు కార్ఖానా వాళ్ళవి బోలెడు అవే. వేషం 'ఇంతకు ముందుది కాదు' అనే హద్దు మాత్రమే చెబుతుంది. పొట్టి జుట్టు, మోకాళ్ళ గౌను ఉన్న అమ్మాయి 1920లకి ముందు పుట్టదు.

మన దేవుళ్ళ బొమ్మలకీ ఇదే సూత్రం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మనీ కార్ఖానాలు, ఆ తర్వాత జపానువాళ్ళు మన బజారు కోసం లక్ష్మి, సరస్వతి, కృష్ణుడు బొమ్మలు చేసి పంపారు. వాటిల్లో చాలావాటికి నమూనా రవివర్మ అచ్చుపటాలు. రవివర్మ ముద్రణశాల బొంబాయిలో మొదలైంది 1894లో. మీ లక్ష్మి నిలబడ్డ తీరు, చీర కుచ్చిళ్ళు, ఏనుగు వచ్చిన వైపు ఆ పటంతో సరిపోతే 1894కి ముందుదని ఎవరన్నా నమ్మక్కర్లేదు. ఈ బొమ్మలకో ముద్దు గుర్తుంది: కృష్ణుడికి నీలం తక్కువ, బుగ్గల మీద గులాబీ ఎక్కువ. ఆవు అచ్చంగా యూరపు ఆవు, మూపురం ఉండదు.

ఇప్పుడు ముద్ర

ముద్ర చెప్పేది పుట్టినరోజు కాదు. 'ఇంతకు ముందు పుట్టి ఉండదు' అనే ఒక గీత. అలా చదివితే చాలావరకు మోసపోరు.

దేశం పేరు ఎందుకొచ్చిందంటే చట్టాల వల్ల. బ్రిటన్ 1887లో వాణిజ్య చిహ్నాల చట్టం తెచ్చింది. అమెరికా మెకిన్లీ సుంకాల చట్టం 1890లో చేసి, 1891 మార్చి నుంచి దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండి తీరాలంది. అందుకే ఒట్టి 'జర్మనీ', 'ఇంగ్లండ్' అని ఉన్నవి ఎక్కువగా 1891 తర్వాతివి. జపాను సరుకు మీద మొదట 'నిప్పాన్' అని ఉండేది. 1921లో అమెరికా సుంకాలవాళ్ళు అది కుదరదన్నాక 'జపాన్' అయింది. 'చెకోస్లొవేకియా' అని ఉంటే 1918 తర్వాత, ఆ దేశం పుట్టిందే అప్పుడు. 'యూఎస్ జోన్ జర్మనీ' యుద్ధం తర్వాతి నాలుగైదేళ్ళది. 'వెస్ట్ జర్మనీ' 1949 నుంచి 1990 మధ్యది.

ఇక్కడ మనవాళ్ళు మరిచిపోయే సంగతొకటి. ఈ ముద్రల కాలపట్టికలు చాలావరకు అమెరికా వెళ్ళిన సరుకు చూసి రాసినవి. కలకత్తాకో రంగూనుకో వచ్చిన పెట్టెల్లో ముద్ర లేనివి కొల్లలు. కాగితం చీటీ అంటించి పంపినవాటి చీటీ మన ఉక్కపోతకి ఎప్పుడో ఊడిపోయింది. ముద్ర లేదంటే 1891కి ముందుదని లెక్కకట్టడం పెద్ద తప్పు.

అంకెల విషయంలో ఇంకా జాగ్రత్త. మట్టి పచ్చిగా ఉన్నప్పుడు నొక్కిన నాలుగంకెలు అచ్చు నంబరు. కుంచెతో రాసిన చిన్న అంకె రంగులవాడిది. పర్లాకిమిడిలో ఒకాయన అడుగున '1794' అని ఉన్న బొమ్మని రెండు శతాబ్దాల నాటిదని బీరువాలో దాచుకున్నారు. అది రాయల్ బేరూత్ వాళ్ళ ముద్ర. 1794 కార్ఖానా పుట్టిన ఏడు, బొమ్మ పుట్టిన ఏడు కాదు. ఆయనకి చెప్పడానికి నాకు రెండు కాఫీలు పట్టింది. 'ఆర్‌డీ నంబర్' అని ఉంటే అది ఇంగ్లండులో నమూనా నమోదు సంఖ్య, 1884లో ఒకటి నుంచి మొదలైంది. అంతకు ముందు 1842 నుంచి 1883 దాకా వజ్రం ఆకారపు గుర్తు ఉండేది. రెండూ నమూనా నమోదైన ఏటినే చెబుతాయి, ఆ అచ్చు ఆ తర్వాత ముప్ఫయ్యేళ్ళు వాడి ఉండవచ్చు.

పేరున్నవాళ్ళలో మన వైపు కనిపించేవి కొన్నే. డౌల్టన్ బొమ్మల 'హెచ్ఎన్' వరస 1913లో మొదలైంది, ఆ అంకె నమూనాది. జర్మనీలోని గోబెల్ వాళ్ళు చేసిన హమ్మెల్ పిల్లల బొమ్మలు 1935 నుంచి. ముద్రలో కిరీటం ఉంటే పాతది, తేనెటీగ వస్తే 1950 తర్వాతది. విదేశాల్లో ఉన్న పిల్లలు తెచ్చే లాద్రో 1953లో స్పెయిన్‌లో పుట్టిన సంస్థ. మైసెన్ వాళ్ళ అడ్డకత్తులు, నేపుల్స్ కిరీటం కింద 'ఎన్' అక్షరం, ఈ రెంటినీ లోకమంతా కాపీ కొట్టింది. ఇవి కనిపిస్తే సంతోషపడకుండా, మీరు ముందు రాసుకున్న మట్టి, చిల్లు, కుంచె సంగతులు మళ్ళీ చదవండి.

మా కుర్రాడి అడుగున ఎర్ర అక్షరాలతో 'మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్' అని ఉంది. ఆ మాట 1947 నుంచి 1952 దాకా, జపాను అమెరికన్ సైన్యం ఆధీనంలో ఉన్న రోజుల్లో వేసింది. తాతయ్య రంగం నుంచి వచ్చేసిన అయిదేళ్ళ తర్వాత! ముద్ర దొంగదేమోనని అనుమానం వచ్చింది. దొంగ ముద్రలు చాలావరకు పైపైన కొట్టినవి. అసలువి బట్టీలో కాలినవి. గోళ్ళరంగు తుడిచే ద్రవం దూదికి ఒక చుక్క అద్ది, ముద్ర అంచున ఒక్క అక్షరం మీద తాకించాను. (ముద్ర మీదే, బొమ్మ రంగు మీద ఎప్పుడూ వద్దు.) దూది తెల్లగానే ఉంది.

అతుకులు

చీకట్లో నీలం లైటు వేస్తే పాత మెరుగు ఒకలా, తర్వాత పూసిన రంగూ జిగురూ ఇంకోలా వెలుగుతాయి. మెడ చుట్టూ పాలరంగు వలయం కనిపిస్తే తల ఒకసారి ఊడిందన్నమాట. మాకు ఈ పరీక్ష ఫైలిన్ తుఫానే చేసిపెట్టింది. 2013 అక్టోబరు 12 రాత్రి, దసరా రోజుల్లో, గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. అటక మీద పెట్టెలోకి నీళ్ళు దిగి రెండు రోజులు అలాగే ఉన్నాయి. తెరిచేసరికి పాత వజ్రం జిగురుతో అతికిన చేతులన్నీ విడిపోయి విడివిడిగా పడున్నాయి. ఎవరి చెయ్యి ఎవరిదో వెతుక్కోవడానికి వారం పట్టింది. అతుకున్న బొమ్మ చెడ్డదని కాదు, కొనేటప్పుడు అతుకులేని ధర ఇవ్వకూడదు, అంతే.

కథని కూడా రాయండి

పెద్దవాళ్ళు చెప్పింది కొట్టిపారెయ్యకండి, అలాగని తేదీగానూ వాడకండి. బొమ్మకి చుట్టిన పేపరు తేదీ చుట్టిన రోజుది. పెట్టె మీద 'గంజాం జిల్లా, మద్రాసు' అని చిరునామా ఉంటే ఆ చిరునామా 1936 ఏప్రిల్ 1కి ముందు రాసింది కావచ్చు, ఆ రోజు ఒరిస్సా విడిగా ఏర్పడింది. అది పెట్టె వయసు, బొమ్మది కాదు.

ఈ తేడా నాకు తెలిసింది మా పెద్దమ్మ వల్ల. గుణుపూర్‌కి ఫోన్ చేసి ముద్ర సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రంగం నుంచి నాన్న తెచ్చింది ఆ టేకు పెట్టేనే. బొమ్మలేం లేవు అందులో, పంచెలూ కాగితాలూ ఉండేవి. కుర్రాణ్ణి నా చిన్నప్పుడు కలకత్తాలో కొన్నారు, నేను ఏడిస్తే" అంది.

ఒక్కో బొమ్మకి ఒక్కో పుట కేటాయించండి. ఎత్తు, మట్టి రకం, చిల్లు, రంగు, బంగారం, ముద్ర, అతుకులు, ఎవరు ఏం చెప్పారు. తేదీని రెండు హద్దుల మధ్య రాయండి. ఒకే ఏడు రాయడానికి చెయ్యి ఆత్రపడుతుంది, పడనివ్వకండి. నాలుగు వైపులా, అడుగున ఫొటోలు తీసి ఆ నంబరే పెన్సిలుతో చీటీ మీద రాసి పీఠం కింద పెట్టండి, బొమ్మకి అంటించకండి. మా కుర్రాడి పుట ఇలా ఉంది: "11 సెంటీమీటర్లు. గట్టి పింగాణీ, పోత. బట్టీ రంగు, చేతి పని, పెదవి జారింది. కమాను బంగారం సగమే. 1947–1952. కలకత్తా, పెద్దమ్మ ఏడిస్తే కొన్నది. అమ్మమ్మ మాట: రంగం. పెట్టెకి వేరే పుట చూడు."